పిడికెడు దూది

కుడిచెవి వెనక, ఎముక అంచున
వేలు పెడితే దొరికే చోటు.
అక్కణ్ణించి మొదలవుతుంది.

నిమ్స్‌లో డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసింది:
మెడలోంచి లేచి, తల వెనగ్గా ఎక్కి
కంటి పైదాకా ఒక వంకర గీత.
"ఇదే మీ నరం" అంది.
ఇరవై రెండేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని,
నాకది 'తీసేయి' అనే గుర్తులా కనిపించింది.
తీసేయడానికి లేదంది.
రాత్రికొక బిళ్ళ, మెడకింద తువ్వాలు చుట్ట, ఓపిక.
మూడోది ఏ షాపులో అడగాలో రాయలేదు.

పంజాగుట్ట నుంచి నల్లకుంటకి ఆటోలో
స్పీడ్ బ్రేకర్లు పదిహేడు.
డ్రైవరు లెక్కపెట్టలేదు. నా తల లెక్కపెట్టింది.

పగలు ఎలాగో గడుస్తుంది.
జడ వేసుకోవడం మానేశాను, దువ్వెన పళ్ళూ పళ్ళే కదా.
విఠల్ ఇప్పుడు ఎడమపక్కన కూర్చునే మాట్లాడతాడు.
కుడివైపు నుంచి పిలిస్తే
మనిషినంతా తిప్పాలి, పాత బీరువా జరిపినట్టు.

రాత్రి అలా కాదు.
తల ఎంత బరువో
దాన్ని ఎక్కడో ఒకచోట పెట్టాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది.
ఎత్తు దిండయితే మెడ మడత పడుతుంది,
తీసేస్తే గడ్డం పైకి లేచి నరం నలుగుతుంది.
కుడివైపు పూర్తిగా నిషేధం.
ఎడమవైపు అరగంట,
ఆ తర్వాత సన్నగా కరెంటు
చెవి మీదుగా కనుబొమలోకి.
ఫ్యాను గాలి వెంట్రుకల మీద నడిచినా
చెప్పులేసుకుని నడిచినట్టే ఉంటుంది.
ఫ్యాను ఆపితే విఠల్‌కి చెమట.
ఆయన ఏమీ అనడు. చాప తీసుకుని బాల్కనీలోకి పోతాడు,
దోమల్ని తిట్టుకుంటూ.

దుకాణం దిండ్లు మూడు కొన్నాను.
ఒకదానికి నడుమ గుంట.
ఒకటి నీళ్ళు నింపుకునేది, రెండో రాత్రికే కారింది.
ఒకటి తల ఆకారాన్ని గుర్తుంచుకునే నురగట.
గుర్తుంచుకుంది, నొప్పితో సహా.

చివరికి ముషీరాబాద్‌లో దూదేకుల మౌలాబీ.
మెషిన్ రొద, ఆవిడ కనురెప్పల మీద దూది నలుసులు.
టేపు తియ్యలేదు, కొలత అడగలేదు.
స్టూలు మీద కూర్చోబెట్టి
నా మెడవంపు కింద అరచెయ్యి పెట్టి
కళ్ళు మూసుకుని తూచింది.
"గింత బరువేందమ్మా, ఏం మోస్తున్నవ్ లోపల?"
నవ్వితే నొప్పి. అయినా నవ్వాను.
"నిండుగ నింపిస్త. ఒక పక్క కుట్టకుండ ఇడిచిపెడ్త.
దినాం ఒక పిడికెడు తీస్కుంట పో.
యాడ నిద్ర పడ్తదో ఆడ ఆపి కుట్టుకో."

అలా మొదలుపెట్టాను దిద్దడం.
రాత్రి పదికి ఒక పిడికెడు, బ్రెడ్ కవర్లోకి.
విద్యానగర్ స్టేషన్లో ఆఖరి లోకల్ వెళ్ళిపోయేది,
ఇరానీ హోటల్ షట్టరు పడేది,
నాలుగింటికి నీళ్ళ ట్యాంకరు వచ్చేది,
అన్నింటికీ హాజరు పలికేదాన్ని.
తొమ్మిదో రాత్రి ఎక్కువ తీసేశాను.
ఒత్తు పోతే మాట కూలినట్టు
మెడ కూలింది.
చీకట్లోనే కవరు వెతికి సగం పిడికెడు తిరిగి పెట్టాను.

పదకొండో రాత్రి లోకల్ విన్నాను.
షట్టరు విన్నట్టే గుర్తు.
ట్యాంకరు రాలేదనుకున్నాను.
పొద్దున వీధంతా తడిసి ఉంది.

నొప్పి పోలేదు. అక్కడే ఉంది,
ఎముక అంచున, వేలు పెడితే పలుకుతుంది.
కానీ నాతోపాటు అదీ కాసేపు పడుకుంది.

మిగిలిన దూది విఠల్ అడిగి తీసుకున్నాడు,
పాత లుంగీలో కుట్టుకుని బాల్కనీలో తలకింద పెట్టుకున్నాడు.

కొట్టేసిన మాటని ఉండనివ్వాలంటే
మేం దానికింద చుక్కలు పెడతాం.
తెరిచి ఉన్న పక్కన నేనూ అలాగే
దూరదూరంగా తెల్లదారం కుట్లు వేశాను,
చుక్క, చుక్క, చుక్క.

నాలుగు వేళ్ళ మేర మాత్రం కుట్టలేదు.
చలికాలం వస్తోంది.